పర్యాటక ఒప్పందం: ప్రభుత్వం, కంపెనీ, ఊరు కలిసే పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలి?

అడవో, తీరమో, జలపాతమో, పాత కోటో ఉన్న ఊళ్లోకి పర్యాటకం వస్తోందంటే మూడు పక్షాలు ఒకచోట కూర్చోవాల్సి వస్తుంది. భూమి మీదా అనుమతుల మీదా అధికారం ప్రభుత్వానిది. పెట్టుబడి, మార్కెట్ కంపెనీవి. ఊరివాళ్లకు ఆ చోటుతో తరాల సంబంధం ఉంటుంది, కాగితం మీద హక్కు మాత్రం చాలాసార్లు ఉండదు. ముగ్గురూ కలిసి పని చేయాలని అందరూ అంటారు. ఎలా కలవాలన్న దగ్గరే పేచీ వస్తుంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేదెవరని సామెత. ఏ పర్యాటక ఒప్పందం చేతికొచ్చినా నేను మొదట వెతికేది ఆ మోసేవాళ్ల పేరే: జనం రాని ఏడాది నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? లాభాల వాటా రాసిన పేజీ ఆ తర్వాత చూస్తాను.

ఈ పోలిక ముఖ్యంగా ఊరి కమిటీల్లో కూర్చునేవాళ్ల కోసం. అధికారులకూ, పెట్టుబడి పెట్టాలనుకునేవాళ్లకూ పనికొస్తుంది గానీ, మొగ్గు ఊరి వైపే ఉంటుందని ముందే చెప్పేస్తున్నాను.

ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి

ఏ పద్ధతి మంచిదన్న చర్చకు ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. ఊరు సంతకం పెట్టకపోతే ప్రాజెక్టు ఆగుతుందా? ఆగుతుందంటే మీకు బేరమాడే బలం ఉన్నట్టే. ఆగదంటే, మిమ్మల్ని భాగస్వాములని ఎంత ముద్దుగా పిలిచినా మీరు సభకు పిలిచిన అతిథులే.

దక్షిణాఫ్రికాలో మకులేకే ప్రజల సంగతి చూడండి. 1969లో వాళ్లను పఫూరి ప్రాంతం నుంచి బలవంతంగా ఖాళీ చేయించి, ఆ నేలను క్రూగర్ నేషనల్ పార్కులో కలిపేశారు. వర్ణవివక్ష పాలన పోయాక వాళ్లు భూమి కోసం దావా వేసి, 1998లో హక్కు తిరిగి సంపాదించారు. అయితే అక్కడికి తిరిగి వెళ్లి ఇళ్లు కట్టుకోలేదు, సాగు చేయలేదు. నేలను పార్కులో భాగంగానే ఉంచి, పార్కుల సంస్థతో కలిసి ఉమ్మడి నిర్వహణ బోర్డు పెట్టుకున్నారు. లాడ్జీలు నడిపే అవకాశాన్ని తామే ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. పట్టా లేకుండా ఇదే బేరానికి వెళ్లి ఉంటే వాళ్లకు దక్కేవి కాపలా ఉద్యోగాలు మాత్రమే.

పూర్తి యాజమాన్యమే ఉండాలనేమీ లేదు. నమీబియాలో ఉమ్మడి భూములు ఇప్పటికీ ప్రభుత్వానివే. కానీ 1996లో చేసిన చట్ట సవరణతో, ఆ భూముల్లో ఉండేవాళ్లు ‘కన్జర్వెన్సీ’ పేరుతో నమోదు చేసుకుంటే వన్యప్రాణుల మీదా పర్యాటకం మీదా హక్కులు వస్తాయి. అందుకు సభ్యుల జాబితా, ఒప్పుకున్న సరిహద్దులు, నియమావళి, వచ్చిన ఆదాయాన్ని ఎలా పంచుతారో చెప్పే ప్రణాళిక ఉండాలి. ఇంత పని ఎందుకనిపించవచ్చు. కంపెనీతో సంతకం పెట్టడానికి చట్టం గుర్తించే సంస్థ ఒకటి ఉండాలి కదా, అది ఈ పనితోనే తయారవుతుంది. ‘గ్రామస్తుల తరఫున’ అంటూ ఎవరో పెద్దమనిషి పెట్టిన సంతకం కోర్టులో నిలబడదు.

హక్కుల దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంటే తొందరపడి దీర్ఘకాలిక లీజుకు ఒప్పుకోవద్దు. కంపెనీ నిజంగా ఆ చోటు కావాలనుకుంటే ఏడాది ఆగుతుంది. మరీ ఒత్తిడి వస్తే చిన్న గడువుకు, రద్దు చేసుకునే వీలుతో రాసుకోండి. ఇక ఎంవోయూ (అవగాహన ఒప్పందం) అనే కాగితం ఉంది. శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగడానికి బాగుంటుంది. మామూలుగా దాన్ని ఉద్దేశాలు చెప్పుకోవడానికే రాస్తారు కాబట్టి, మాట తప్పినవాళ్లను దానితో నిలదీయడం కష్టం.

ప్రభుత్వమే కట్టి, ప్రభుత్వమే నడిపితే

దీన్ని తీసిపారేయడం ఫ్యాషనైంది గానీ, రోడ్డు, తాగునీరు, మురుగు, లైఫ్‌గార్డు, అంబులెన్స్ లాంటివి మరెవరూ తెచ్చిపెట్టరు. లాభం రాని మొదటి సంవత్సరాలను తట్టుకునే ఓపిక కూడా ప్రభుత్వానికే ఉంటుంది. ఖాళీ సీజన్ నష్టం ఖజానా భరిస్తుంది కాబట్టి ఊరి మీద పడదు.

చిక్కు రెండు చోట్ల ఉంటుంది. శ్రద్ధగా పని చేసిన అధికారి బదిలీ అయితే పని అక్కడితో ఆగిపోతుంది. టికెట్ డబ్బు ఖజానాకు వెళ్తే మళ్లీ అదే చోటికి తిరిగి రావడం గగనం. అందుకే ఈ పద్ధతిలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ప్రవేశ రుసుము ఏ ఖాతాలోకి వెళ్తుంది?

నేపాల్‌లో అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతాన్ని 1986లో ఘాంద్రుక్‌తో మొదలుపెట్టినప్పుడు దీనికి జవాబు ముందే ఆలోచించారు. నిర్వహణను నేరుగా శాఖ కింద పెట్టకుండా ఒక ట్రస్టుకు అప్పగించారు. ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్ల దగ్గర వసూలైన రుసుమును ఆ ప్రాంతంలోనే ఖర్చు చేసే అధికారం ఆ ట్రస్టుకు ఇచ్చారు. ఊళ్ల స్థాయిలో నిర్వహణ కమిటీలు ఏర్పడ్డాయి. దారిలోని లాడ్జీలు చాలావరకు స్థానిక కుటుంబాలవే. మీ దగ్గర ప్రభుత్వం తప్ప వేరే దిక్కు లేకపోతే, ఉద్యోగాల సంఖ్య కోసం పోట్లాడేకంటే ఈ ప్రత్యేక ఖాతా కోసం పోట్లాడటం మేలు.

ప్రభుత్వం కంపెనీకి ఇస్తే

పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) అని పిలిచేది దీన్నే. భూమి ప్రభుత్వానిది, పెట్టుబడి కంపెనీది, గడువు తీరాక ఆస్తి తిరిగి ప్రభుత్వానికి. క్రూగర్ పార్కులోనే 2000 తర్వాత కొన్ని భాగాలను 20 ఏళ్ల గడువుతో ప్రైవేటు లాడ్జీలకు ఇచ్చారు. కంపెనీలు టర్నోవర్‌లో ఇంత శాతమని పార్కుల సంస్థకు కట్టాలి. వ్యాపారం ఎలా ఉన్నా కట్టాల్సిన కనీస మొత్తమూ ఉంటుంది. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఇది తెలివైన బేరం. లాడ్జి నడిపే తలనొప్పి పోతుంది, ఆదాయానికి ఒక భరోసా ఉంటుంది.

ఊరు ఎక్కడుందో చూడండి. ఒప్పందంలో సంతకాలు రెండే. మూడో పక్షం పేరు ‘స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వబడును’ అనే వాక్యంలో మాత్రమే కనిపిస్తుంది. ఆ వాక్యం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. ఎన్ని ఉద్యోగాలు, ఏ స్థాయిలో, ఎన్నేళ్లలో సూపర్‌వైజర్, మేనేజర్ పదవుల దాకా, తప్పితే జరిమానా ఎంత అని అంకెలతో రాస్తేనే దానికి విలువ. పీపీపీ టెండర్ ప్రకటన వెలువడ్డాక ఇవి చేర్చడం చాలా కష్టం. డ్రాఫ్టు దశలోనే అధికారుల దగ్గరకు వెళ్లాలి.

ఉద్యోగాలకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: దారి. నీళ్ల దగ్గరకు, మేత భూములకు, పడవలు లాగే ఒడ్డుకు, పూజలు చేసే చోటుకు వెళ్లే హక్కు. రిసార్టు కంచె పడ్డాక వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం డబ్బు కాదు, మూసేసిన దారి. దాన్ని మ్యాపు మీద గీయించి ఒప్పందానికి జత చేయించండి.

ప్రైవేటు చేతికి వెళ్లిన ప్రతిదీ ఊరికి చెడ్డదేనని అనలేం. జాంజిబార్ దగ్గరున్న చుంబే ద్వీపంలో పగడపు దిబ్బను 1994లో రక్షిత ప్రాంతంగా ప్రకటించి, నిర్వహణను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఆ నీళ్లలో చేపలు పట్టినవాళ్లలో కొందరికే శిక్షణ ఇచ్చి రేంజర్లుగా పెట్టుకున్నారు. కొద్దిమంది అతిథులే ఉండే చిన్న లాడ్జి ఆదాయంతో దిబ్బ రక్షణ నడుస్తుంది. కానీ ఇలాంటివి ఆ కంపెనీ స్వభావం మీద ఆధారపడి ఉంటాయి. కంపెనీ చేతులు మారితే ఏమవుతుందో ఒప్పందమే చెప్పాలి. కాబట్టి ‘వాటాలు అమ్మేటప్పుడు ఊరి అభిప్రాయం తీసుకోవాలి’ అనే షరతు అడగండి. ఇవ్వకపోయినా ఎందుకు ఇవ్వరో తెలుస్తుంది.

ఊరు నేరుగా కంపెనీతో కూర్చుంటే

హక్కు మీ చేతిలో ఉన్నప్పుడు మొదలయ్యే అసలు బేరం ఇది. దీనిలోనే నాలుగు దారులున్నాయి. ఒక్కోదానిలో నష్టం ఒక్కో చోట పడుతుంది.

మొదటిది స్థిరమైన అద్దె. కెన్యాలో మసాయ్ మారా రిజర్వు చుట్టూ ఉన్న కన్జర్వెన్సీల్లో భూయజమానులు తమ నేలను పర్యాటక సంస్థలకు లీజుకిస్తారు. విస్తీర్ణాన్ని బట్టి అద్దె ఎవరి ఖాతాలోకి వాళ్లకే వెళ్తుంది. సందర్శకులు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా అద్దె అంతే. పశువుల మీద బతికే కుటుంబానికి నెలనెలా తెలిసిన మొత్తం రావడం మామూలు విషయం కాదు. అద్దెలో ఊరికి రిస్కు తక్కువ, పెద్ద లాభంలో వాటా కూడా తక్కువ. అయితే ‘స్థిరం’ అనే మాటకూ హద్దుంది. 2020లో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు అక్కడ కొన్నిచోట్ల అద్దెలు తగ్గించక తప్పలేదు. కంపెనీ దగ్గరే డబ్బు లేకపోతే కాగితం మీద ఎంత గట్టిగా రాసుకున్నా అంతే. అందుకే కొన్ని నెలల అద్దెను ముందే డిపాజిట్‌గా బ్యాంకులో పెట్టించుకోవాలి.

రెండోది ఆదాయంలో వాటా. అతిథి ఉన్న ప్రతి రాత్రికీ ఇంతని గానీ, మొత్తం వసూళ్లలో ఇంత శాతమని గానీ ఊరికి వస్తుంది. సీజన్ బాగుంటే ఊరికీ బాగుంటుంది. బాగోకపోతే ఊరి చేయి కూడా ఖాళీయే. ఇది ఒక్కటే పెట్టుకోవద్దని నా సలహా. కనీస అద్దె, దాని పైన వాటా అని రెండూ కలిపి రాసుకోవచ్చు. క్రూగర్‌లో ప్రభుత్వం తనకోసం రాయించుకున్నది అదే కదా. ప్రభుత్వానికి తగిన షరతు ఊరికి ఎందుకు తగదు?

మూడోది ఉమ్మడి వ్యాపారం, అంటే ఇద్దరూ వాటాదారులు. దీనికి చాలాకాలంగా చెప్పుకునే ఉదాహరణ పెరూలోని పొసాదా అమెజోనాస్ లాడ్జి. ఇన్‌ఫియెర్నో అనే ఊరు, రెయిన్‌ఫారెస్ట్ ఎక్స్‌పెడిషన్స్ అనే కంపెనీ 1996లో 20 ఏళ్లకు ఒప్పందం చేసుకున్నాయి. లాభాల్లో 60 శాతం ఊరికి, 40 శాతం కంపెనీకి. నిర్ణయాల్లో మాత్రం సగం సగం. లాడ్జి 1998లో మొదలైంది. చాలామంది 60 శాతం అంకెను చూసి మెచ్చుకుంటారు. నాకు నచ్చింది వేరే: ఊరి నుంచి ఎన్నికైన కమిటీ కంపెనీతో కలిసి ప్రతి పెద్ద నిర్ణయంలో కూర్చునేలా మొదటినుంచీ ఏర్పాటు చేయడం. గడువు తీరేసరికి వ్యాపారం ఎలా నడుస్తుందో ఊళ్లో కొందరికైనా తెలిసి ఉండాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఉమ్మడి వ్యాపారంలో రిస్కు కూడా ఉమ్మడే. అప్పు చేసి కడితే ఆ అప్పులో మీ వాటా ఉంటుంది. ఊరి భూమిని బ్యాంకుకు తాకట్టు పెట్టే షరతు ఎక్కడైనా కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

నాలుగోది నిర్వహణ ఒప్పందం. భవనం, వ్యాపారం ఊరివి. నడిపేది కంపెనీ, అందుకు ఫీజు తీసుకుంటుంది. నమీబియాలో 2005లో తెరిచిన గ్రూట్‌బర్గ్ లాడ్జి ఇలాంటిదే. యాజమాన్యం మొత్తం కన్జర్వెన్సీది, నడిపేది ప్రైవేటు సంస్థ. వినడానికి అన్నిటికంటే గౌరవప్రదంగా ఉంటుంది. కానీ ఖాళీ సీజన్‌లో కంపెనీ ఫీజు కంపెనీకి వస్తుంది, జీతాలూ మరమ్మతులూ యజమానివి, అంటే ఊరివి. గ్రూట్‌బర్గ్ కట్టడానికి యూరోపియన్ యూనియన్ డబ్బు వచ్చింది. అలాంటి గ్రాంటు లేకుండా, అప్పు మీద ఈ దారి తొక్కాలంటే గుండె ధైర్యం కావాలి. ఫీజును ఆదాయంతో ముడిపెట్టకుండా స్థిరంగా ఇవ్వడానికి మాత్రం ఎప్పుడూ ఒప్పుకోవద్దు.

శాతం అంకె చూసి మోసపోవద్దు

బేరంలో అందరి కళ్లూ శాతం మీదే ఉంటాయి. దేనిలో శాతమన్నది అడగరు.

ఉగాండాలో జాతీయ పార్కుల ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల ప్రజలకు చెందాలని చట్టం చెప్పింది. ఎంతో ఉదారంగా అనిపిస్తుంది. కానీ గొరిల్లాలను చూపించే పార్కుల్లో అసలు డబ్బు గేటు రుసుములో ఉండదు, వందల డాలర్ల గొరిల్లా పర్మిట్‌లో ఉంటుంది. ఆ పర్మిట్ నుంచి స్థానికులకు చాలా ఏళ్లపాటు వెళ్లింది ఒక్కోదానికి 5 డాలర్లే. పక్కనున్న రువాండా 2005లో 5 శాతంతో మొదలుపెట్టి, 2017లో దాన్ని 10 శాతం చేసింది. అంకె చిన్నది, కానీ లెక్కించేది పార్కుల పర్యాటక ఆదాయం మొత్తం మీద. 20 పెద్దదా, 10 పెద్దదా అన్నది ఇక్కడ అర్థం లేని ప్రశ్న.

లాడ్జి ఒప్పందాల్లో ఇదే మాయ ‘నికర లాభం’ పేరుతో వస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఏడాది వసూళ్లు 100 అనుకోండి. ఒక కంపెనీ మొత్తం వసూళ్లలో 8 శాతం ఇస్తానంది, ఇంకొకటి నికర లాభంలో 30 శాతం ఇస్తానంది. మొదటిదానిలో ఊరికి 8 వస్తుంది, ఇక వాదన ఉండదు. రెండోదానిలో నడిపే ఖర్చు 60 పోతే 40 మిగులుతుంది. బుకింగ్‌లు చూసే సంస్థకు కమీషన్ 15. అది ఆ కంపెనీకే సోదర సంస్థ కావచ్చు. మాతృసంస్థకు నిర్వహణ ఫీజు 10. మాతృసంస్థే ఇచ్చిన అప్పుకు వడ్డీ 12. మిగిలింది 3. అందులో 30 శాతం అంటే ఒకటి కూడా కాదు. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేకపోవచ్చు. ఆడిటర్ సంతకం కూడా ఉంటుంది.

అందుకే నా మాట సూటిగా చెబుతాను: ఊరి వాటాను మొత్తం వసూళ్ల మీద లెక్కించాలి, పన్నులు తీసేసి. శాతం తక్కువైనా సరే. ఉమ్మడి వ్యాపారంలో వాటాదారులుగా లాభం మీద ఆధారపడక తప్పకపోతే, సొంత సంస్థలకు చెల్లించే ఫీజులకూ కమీషన్లకూ పరిమితి పెట్టించండి. ఊరు ఎంచుకున్న ఆడిటర్ లెక్కలు చూసే హక్కు, దాని ఖర్చు వ్యాపారమే భరించడం, ఈ రెండూ అడగండి. ఇంకొకటి, అతిథి విదేశంలోనో నగరంలోనో ఏజెంటుకు కట్టిన ప్యాకేజీ ధర వేరు, లాడ్జి పుస్తకాల్లో రాసుకునే గది ధర వేరు. ఏది వసూళ్ల కింద లెక్కో నిర్వచనాల పేజీలో ఉంటుంది. ఆ పేజీ ఎవరూ చదవరు. అది తప్ప ఇంకేమీ చదవకపోయినా ఫర్వాలేదనిపిస్తుంది నాకు.

ఎవరి సాయం లేకుండా ఊరే నడుపుకుంటే

హోమ్‌స్టేలు, ఊరి గైడ్ల సంఘం, సహకార సంఘం నడిపే చిన్న లాడ్జి. డబ్బంతా ఊళ్లోనే ఉంటుంది, నిర్ణయాలూ ఊరివే. ఖాళీ సీజన్ నష్టమూ పూర్తిగా ఊరిదే.

ఇవి దెబ్బతినేది ఎక్కువగా వంట దగ్గరో శుభ్రత దగ్గరో కాదు, మార్కెటింగ్ దగ్గర. దాతల డబ్బుతో భవనం కట్టేస్తారు, ప్రారంభోత్సవం అవుతుంది, బుకింగ్ ఎలా వస్తుందో ఎవరూ ఆలోచించరు. ఫోన్ ఎత్తేవాళ్లుండరు. బొలీవియాలోని చలలాన్ లాడ్జి విషయంలో క్రమం సరిగ్గా ఉంది. సాన్ హోసే దె ఉచుపియామోనాస్ ఊరివాళ్లకు అంతర్జాతీయ సంస్థలు నిధులతోపాటు కొన్నేళ్లపాటు శిక్షణ ఇచ్చాయి. వ్యాపారం నడపడం అలవాటయ్యాక 2001లో యాజమాన్యం మొత్తం ఊరికి అప్పగించాయి. భవనం ముందు కాకుండా మనుషులు ముందు తయారయ్యారు.

ఈ దారి ఎంచుకుంటే చిన్నగా మొదలుపెట్టండి. ఉన్న ఇళ్లలో కొన్ని గదులతో. సేద్యమో, చేపల వేటో, చేతిపనో మానేయకుండా. పర్యాటకం అదనపు ఆదాయంగా ఉన్నంతకాలం ఖాళీ సీజన్ ఇబ్బంది మాత్రమే. అదే జీవనాధారమైతే ఖాళీ సీజన్ అప్పుల పాలు చేస్తుంది.

వాటా అడగకుండా సరుకు అమ్మే దారి

భూమి హక్కు లేదు, హోటళ్లు ఇప్పటికే కట్టేశారు, ఇక చేసేదేముంది అనుకునే ఊళ్లకు కేరళలోని కుమరకం ఒక దారి చూపించింది. అక్కడ 2008లో బాధ్యతాయుత పర్యాటక ప్రయోగం కింద, హోటళ్లు తమ వంటగదులకు కావాల్సిన కూరగాయలూ ఇతర సరుకులూ స్థానిక కుటుంబశ్రీ మహిళా సంఘాల దగ్గర కొనేలా ఏర్పాటు చేశారు. ధర, నాణ్యత, ఏ రోజు ఎంత కావాలన్నది ముందే మాట్లాడుకోవడంలో పంచాయతీ, పర్యాటక శాఖ మధ్యవర్తులుగా నిలిచాయి. తర్వాత 2017లో రాష్ట్రమంతటికీ బాధ్యతాయుత పర్యాటక మిషన్ వచ్చింది.

ఇందులో ఊరికి యాజమాన్యం లేదు. బోర్డులో కుర్చీ లేదు. కానీ డబ్బు వారం వారం ఇళ్లలోకి వస్తుంది, అదీ ఎక్కువగా ఆడవాళ్ల చేతికి. పెద్ద ఒప్పందం కుదిరి పదేళ్లకు వచ్చే డివిడెండ్ కంటే చాలా కుటుంబాలకు ఇదే నయం. బలహీనత ఏమిటంటే, హోటల్ ఎప్పుడైనా పట్నం హోల్‌సేల్ వ్యాపారి వైపు మళ్లగలదు. అందుకే లైసెన్సు రెన్యువల్‌తోనో గ్రేడింగ్‌తోనో స్థానిక కొనుగోళ్లను ముడిపెట్టమని ప్రభుత్వాన్ని అడగాలి. ముగ్గురిలో ప్రభుత్వం చేయాల్సిన పని అదే.

డబ్బు ఊళ్లోకి వచ్చాక

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి. ఊరి ఖాతాలో పడ్డ డబ్బు ఇళ్ల దాకా చేరకపోతే కంపెనీని తిట్టి లాభం లేదు. అద్దె నేరుగా వ్యక్తుల ఖాతాలోకి వెళ్తే కమిటీ పెద్దలు మింగే వీలు తగ్గుతుంది. కానీ భూమి పత్రాలు ఎక్కువగా మగవాళ్ల పేరు మీద ఉంటే ఆడవాళ్లు, భూమి లేనివాళ్లు బయటే ఉండిపోతారు. కెన్యాలోని మసాయ్ మారా ఏర్పాటు మీద వచ్చే విమర్శల్లో ఇదొకటి. ఉమ్మడి నిధిగా ఉంచితే బడికో నీళ్లకో పనికొస్తుంది, అయితే లెక్క ఎవరు చూస్తారన్న తగువు మొదలవుతుంది. కొంత కుటుంబాలకు, కొంత ఉమ్మడి నిధికి అని ముందే విడగొట్టి, ఏటా అందరి ముందు లెక్క చదివే ఏర్పాటు నాకు తెలిసినంతలో తక్కువ గొడవలు తెచ్చేది. ఈ నియమం కంపెనీతో సంతకానికి ముందే ఊళ్లో తేలాలి. డబ్బు వచ్చాక ఎవరూ ఒప్పుకోరు.

ఎంతమంది రావచ్చో చెప్పేదెవరు

ఫిలిప్పీన్స్‌లో బోరకాయ్ ద్వీపాన్ని 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలలు పూర్తిగా మూసేశారు. మురుగు సముద్రంలోకి పోయేంతగా హోటళ్లు పెరిగిపోయాయి. అదే ఏడాది జూన్‌లో థాయ్‌లాండ్ మాయా బే తీరాన్ని మూసింది. పగడాలు కోలుకోవడానికి 2022 జనవరి దాకా తెరవలేదు. రెండుచోట్లా ప్రభుత్వమే అనుమతులిచ్చింది, ప్రభుత్వమే మూసింది. నడుమ కూలీలు, పడవలవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు ఆదాయం లేకుండా పడిగాపులు పడ్డారు. పరిమితి నిర్ణయించే అధికారం ఎవరికీ స్పష్టంగా లేని చోట ఆ పని చివరికి ఇలాగే జరుగుతుంది.

ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద శిల ఉన్న నేలను 1985లో అక్కడి ఆదివాసులైన ఆనంగు ప్రజలకు తిరిగి ఇచ్చారు. వాళ్లు దాన్ని 99 ఏళ్లకు జాతీయ పార్కుగా లీజుకిచ్చారు, నిర్వహణ బోర్డులో మెజారిటీ వాళ్లదే. తమకు పవిత్రమైన ఆ శిల ఎక్కొద్దని ఎన్నో ఏళ్లు సందర్శకులను బతిమాలారు. చివరకు బోర్డు తీర్మానంతో 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం నిషేధమైంది. హక్కు ఉన్నా అది జరగడానికి 34 ఏళ్లు పట్టింది. హక్కే లేకపోతే ఎంత పట్టేదో ఊహించుకోండి. ఒప్పందంలో గదుల సంఖ్యకు, రోజువారీ సందర్శకులకు పరిమితి రాయించి, దాన్ని మార్చాలంటే ఊరి సమ్మతి తప్పనిసరి చేయించండి. కంపెనీకి కూడా ఇది మంచిదే. పక్కన ఇంకో పది రిసార్టులు లేచి తన వ్యాపారాన్ని పాడుచేయవు.

మరి ఏది ఎంచుకోవాలి

హక్కు ఉండి, అనుభవం లేని ఊరైతే: కనీస అద్దె, దాని పైన మొత్తం వసూళ్లలో వాటా. ఎక్కువ ఊళ్లకు నేను చెప్పేది ఇదే. యాజమాన్యం లేదనే చిన్నతనం వద్దు. నష్టం భరించే శక్తి ఎవరికుందో వాళ్ల మీదే నష్టం ఉంచడం తెలివితక్కువతనం కాదు.

హక్కు ఉంది, లెక్కలు చూడగల చదువుకున్న పిల్లలు ఊళ్లో ఉన్నారు, కంపెనీ కూడా ఓపిక ఉన్నది అయితే ఉమ్మడి వ్యాపారం గురించి ఆలోచించవచ్చు. గ్రాంటు డబ్బు చేతికొస్తేనే నిర్వహణ ఒప్పందం.

హక్కు ఇంకా తేలకపోతే, పీపీపీ టెండర్ డ్రాఫ్టులో దారులు, అంకెలతో ఉద్యోగాలు, ప్రత్యేక ఖాతా. అదీ కుదరకపోతే సరుకు అమ్మే ఏర్పాటు. పాదచారులు, పక్షుల ప్రేమికులు లాంటి కొద్దిమందే వచ్చే చోటైతే కంపెనీని పిలవాల్సిన పనే లేదు, హోమ్‌స్టేలు చాలు.

అధికారులకు ఒక్క మాట. ఊరికి వకీలును, ఆడిటర్‌ను పెట్టుకునే ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లోనే చూపించండి. కంపెనీ పక్కన లాయర్లు కూర్చుని, ఊరి పక్కన ఎవరూ లేకపోతే అది చర్చ అనిపించుకోదు.

గడువు, బయటపడే దారి

పెట్టుబడి తిరిగి రావాలంటే కంపెనీకి సమయం కావాలి, అది న్యాయమే. టెంట్లు, చెక్క కాటేజీలకు పది పదిహేనేళ్లు సరిపోవచ్చు, కాంక్రీటు కట్టడానికి 20 అడుగుతారు. దానికి మించితే, మీ పిల్లల కాలానికి కూడా మీరే సంతకం పెడుతున్నారని గుర్తుంచుకోండి. మధ్యలో ఐదేళ్లకోసారి అద్దెను, వాటాను సమీక్షించే నిబంధన ఉండాలి. అద్దె రెండుసార్లు ఆగితే, పని రెండేళ్లు మొదలుకాకపోతే ఒప్పందం దానంతటదే రద్దు కావాలి. భూమిని పట్టుకుని ఊరికే కూర్చునే కంపెనీలకు ఈ రెండో షరతు ఒక్కటే మందు.

గడువు తీరాక భవనాలు ఎవరివో అందరూ అడుగుతారు. లాడ్జి పేరు, వెబ్‌సైటు, పాత అతిథుల జాబితా, ఏజెంట్లతో ఉన్న పరిచయాలు ఎవరివో అడిగేవాళ్లు తక్కువ. అవి కంపెనీతో వెళ్లిపోతే ఊరికి మిగిలేది గోడలే. వాటిని కూడా అప్పగించాల్సిన ఆస్తుల జాబితాలో చేర్పించి, గడువుకు రెండేళ్ల ముందునుంచే ఊరి మనిషి ఒకరు బుకింగ్ ఆఫీసులో కూర్చుని పని నేర్చుకునేలా రాయించుకోండి.